మూడింటిలో మంచిది

జూన్ 2, సోమవారం

కొండాపూర్ చేరాను. పద్నాలుగో అంతస్తు. కిటికీలోంచి చూస్తే మనుషులు కనిపించరు, కార్ల వీపులు కనిపిస్తాయి.

ఉమాశ్రీకి విశాఖలో కాలేజీ అడ్మిషన్ల హడావుడి, సెలవు దొరకదు. కూతురికి ఏడో నెల, తల్లికి తీరిక లేదు, కాబట్టి డెబ్బై నాలుగేళ్ళ అమ్మమ్మని డ్యూటీ మీద పంపింది. రిటైరై పదహారేళ్ళయినా నాకు డెప్యుటేషన్లు తప్పలేదు.

యశస్విని తలుపు తీసింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, నోట్లో ఇంగ్లీషు. ఒక చేత్తో నా సంచీ అందుకుని రెండో చేత్తో ‘ఒక్క నిమిషం’ అని సైగ చేసింది. ఆ నిమిషం నలభై నిమిషాలు నడిచింది. దాని మొగుడు లోహిత్ మంచివాడు. మాట్లాడడు. మాట్లాడని వాళ్ళందరినీ మనం మంచివాళ్ళనే అంటాం.

నా బీపీ మెషిను భద్రంగా వచ్చింది. నాది 126/78.

జూన్ 4, బుధవారం

ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లకి బీపీ ఏమిటి! నేను ఇంకా తేరుకోలేదు. బీపీ అంటే రిటైరైన హెడ్మాస్టర్లకూ, కోర్టు దావాలున్న వాళ్ళకూ, నాకూ వచ్చేది. అదొక వయసు, ఒక హోదా.

ఆస్పత్రికి తీసుకెళ్ళింది యశూ. డాక్టరు పేరు కృష్ణప్రియ. ముప్పై అయిదుంటాయేమో. జడ సరిగ్గా వేసుకోలేదు. నా క్లాసులో అయితే చివరి బెంచీ.

“నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఎనిమిది. గీత మీద ఉందండీ,” అంది. ఇంటి దగ్గర పొద్దున్నా సాయంత్రమూ చూసి, నోటుబుక్కులో రాసి, శనివారం శనివారం ఫోటో తీసి పంపమంది. పై అంకె నూట నలభై తాకినా, కింది అంకె తొంభై తాకినా వెంటనే రావాలట. ఇంకా ఏవో లక్షణాలు చెప్పింది. అప్పుడే యశూకి ఆఫీసు నుంచి ఫోను. నేనేమో ఆ అమ్మాయి జడ చూస్తున్నాను.

వచ్చేటప్పుడు ఒక రంగుల కాగితం ఇచ్చారు. నవ్వుతున్న గర్భిణి, చుట్టూ చిన్న చిన్న బొమ్మలు. గట్టి కాగితం. ఈ డైరీలో పేజీ గుర్తుకి పెట్టుకున్నాను.

“ఆఫీసు టెన్షన్ అమ్మమ్మా, నెలాఖరుకి రిలీజ్ ఉంది, అది అయిపోతే తగ్గిపోతుంది,” అంది యశూ కారులో. బిడ్డ కూడా రిలీజ్ తరవాతే పుట్టాలన్నట్టు.

జూన్ 5, గురువారం

యశూ: 144/92. 138/88. 132/84.

నోటుబుక్కులో 132/84 రాశాను.

ఇందులో దాపరికమేమీ లేదు. ముప్పై రెండేళ్ళు జీవశాస్త్రం చెప్పినప్పుడు చేసిందే. మూడు యూనిట్ టెస్టులు పెట్టి, మూడింటిలో మంచి మార్కు రిజిస్టరులో వేసేవాళ్ళం. ఒక రోజు పిల్లకి జ్వరం వచ్చి ఉంటుంది, ఒక రోజు ఇంట్లో గొడవై ఉంటుంది. అసలు సత్తా మంచి మార్కులోనే తెలుస్తుంది. నా బీపీకి కూడా పదిహేనేళ్ళుగా ఇదే పద్ధతి. మొదటిది కంగారుది, రెండోది సర్దుకునేది, మూడోది అసలైనది. మా తెనాలి డాక్టరు నా పుస్తకం చూసి మెచ్చుకోని నెల లేదు.

మూడు అంకెలూ ఇక్కడ వేసుకుంటాను. రిజిస్టరు వేరు, టీచరు సొంత పుస్తకం వేరు. నావి మాత్రం ఒక్కటే వేస్తాను, నా సంగతి నాకు తెలుసు. 124/76.

జూన్ 7, శనివారం

యశూ: 140/90. 138/88. 130/84.

పేజీ ఫోటో పంపింది. అటు నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. ఈ కాలంలో బాగుందనడానికి నోరక్కర్లేదు.

జూన్ 8, ఆదివారం

వంటకీ ఇంటి పనికీ వచ్చే కనకలక్ష్మి ఈ కొండాపూర్ మనిషే. ఈ టవర్లు లేచిన చోట వాళ్ళ నాయన జొన్న వేసేవాడట. నా కొబ్బరి పచ్చడి చూసి “గింత చింతపండా?” అంది మొదటి రోజే. అప్పటినుంచి మా ఇద్దరి మధ్యా యుద్ధం.

ఇవాళ నేను యశూ చేతికి బీపీ పట్టీ కడుతుంటే గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడింది.

“ఏందమ్మా, మూడుమాట్ల కడ్తున్నవ్?”

“మెషినును ఒక్కసారికే నమ్మకూడదే. మనిషిని నమ్మినట్టే, మూడుసార్లు చూడాలి.”

“మా బస్తీ దవాఖానల నర్సమ్మ ఒక్కమాటే కడ్తది. ఎంతుంటే గంత రాస్తది.”

“అందుకే అది బస్తీ దవాఖాన అయింది.”

యశూ నవ్వింది. కనకలక్ష్మి నవ్వలేదు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడిచింది.

సాయంత్రం సీమంతానికి గాజుల కొలత ఇచ్చాం. యశూ చెయ్యి నా చెయ్యే. టూ-ఫోర్ సైజు సుతారంగా ఎక్కింది.

జూన్ 11, బుధవారం

యశూ: 150/96. 146/92. 138/86.

కాళ్ళు ఉబ్బాయి. చెప్పులు పట్టడం లేదు, లోహిత్ చెప్పులు వేసుకుని తిరుగుతోంది. ఇది నాకు తెలియనిదా? గర్భసంచి పెరిగి కింది సిరల మీద ఒత్తుతుంది, రక్తం పైకి ఎక్కడం ఆలస్యమై కాళ్ళకు నీరు దిగుతుంది. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను కొన్ని వందల మందికి. కాళ్ళ కింద దిండు పెట్టించాను.

మధ్యలో ఒకసారి యశూ అడిగింది. “మొదటిది నూట యాభై వచ్చింది కదా అమ్మమ్మా, డాక్టరుకి చెప్పాలా?”

“మొదటిది కంగారుదే పిచ్చిదానా.”

“అంతేలే,” అంది. వెంటనే అంది. ఆ జవాబు కోసమే అడిగినట్టు.

జూన్ 14, శనివారం

యశూ: 148/94. 144/92. 136/86.

బొటనవేలు.

జూన్ 15, ఆదివారం

సీమంతం బ్రహ్మాండంగా జరిగింది. ఉమాశ్రీ పొద్దున్న విమానంలో వచ్చి సాయంత్రం విమానంలో పోయింది. కూతుర్ని పట్టుకుని, “ఎంత నిండుగా ఉన్నావే, మొహం చంద్రబింబంలా అయింది,” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

గాజులు ఎక్కలేదు.

వారం క్రితం కొలిచిన సైజు. పిల్ల చెయ్యి మీద మెటిక దగ్గరే ఆగిపోయాయి. ఉంగరం నాలుగు రోజుల క్రితమే తీసేసిందట, నాకు చెప్పలేదు. పేరంటాళ్ళందరూ చూస్తున్నారు. మంచి రోజు కదా, గాజులు పక్కన పెట్టేస్తే బాగుంటుందా? సబ్బు నీళ్ళు తెప్పించి, ఎముక దగ్గర నొక్కి, ఒక్కొక్కటే నేనే ఎక్కించాను. ఎర్రవీ ఆకుపచ్చవీ కలిపి రెండు చేతులకూ. యశూ పళ్ళ బిగువున “పర్లేదు అమ్మమ్మా” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గెలిచాను.

కనకలక్ష్మి వంటింట్లో గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరగకుండానే అంది. “కాళ్ళుబ్బితె సరే. మొఖం, చేతులు గిట్ల ఉబ్బితె మంచిది గాదమ్మా. జర దవాఖానకు తోల్కపోండ్రి.”

“వచ్చే వారం ఎటూ వెళ్ళాలి,” అన్నాను.

నాది 128/80.

జూన్ 17, మంగళవారం

యశూ: 156/100. 152/98. 148/96. 146/94. 138/88.

మూడింటిలో అన్నది నియమం. ఇవాళ అయిదు పట్టింది. పిల్ల రాత్రి సరిగ్గా నిద్రపోలేదు, అందుకు. 138/88 రాశాను.

తలనొప్పి అంటోంది. రోజుకు పదకొండు గంటలు ఆ డబ్బా వంక చూస్తే నాకైనా వస్తుంది. అమృతాంజనం రాశాను.

జూన్ 18, బుధవారం

తలనొప్పి తగ్గలేదు. ఇవాళ మెషిను తియ్యలేదు. పిల్లని ఊరికే కంగారు పెట్టడమెందుకు.

జూన్ 19, గురువారం

ఆస్పత్రి. మూడో అంతస్తు వరండా. మధ్యాహ్నం రెండు.

వరుసగా రాస్తాను. వరుసగా రాయకపోతే నాకు ఏదీ అర్థం కాదు.

ఎనిమిదిన్నర. లోహిత్ గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. యశూ లాప్‌టాప్ ముందు కూర్చుంది.

“అమ్మమ్మా, స్క్రీన్ మీద ఏదో మెరుస్తోంది.”

నేను వెళ్ళి నా పైట చెంగుతో స్క్రీన్ తుడిచాను.

“ఇప్పుడు?”

“గోడ మీద కూడా మెరుస్తోంది.”

నేను స్క్రీన్ తుడిచాను. ఎమ్మెస్సీ చదివినదాన్ని. కంటికి రోగం వస్తే స్క్రీన్ తుడిచాను.

తరవాత రొమ్ము కింద, కుడి పక్కన పట్టేసినట్టుందని ముందుకు వంగిపోయింది. గ్యాస్ అన్నాను. నిన్నటి పెసరట్టు అన్నాను. వాము నీళ్ళు ఇచ్చాను. కక్కేసింది.

అప్పుడు కనకలక్ష్మి వచ్చింది. సంచీ కింద పెట్టలేదు. యశూ గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది.

“తలకాయ నొస్తుందా బిడ్డా? కండ్ల ముంగట మెరుపులొస్తున్నయా?”

యశూ తల ఊపింది.

“అమ్మా, గిది గ్యాస్ గాదు. గుర్రపువాతం గిట్లనే వస్తది. ఫిట్సొస్తయి. లెవ్వుండ్రి, లెవ్వుండ్రి.”

నేను లేవలేదు. మెషిను తెచ్చాను. పట్టీ కట్టాను. 176/114.

అలాంటి అంకె నేను నా జన్మలో చూడలేదు. భయపడింది కదా, అందుకే వచ్చిందనుకున్నాను. నా బొటనవేలు దానంతటదే మళ్ళీ బటను మీదికి పోయింది.

కనకలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా. తడి చెయ్యి.

“ఇంకెన్నిమాట్ల చూస్తవమ్మా? తక్కువొచ్చేదాంక చూస్తవా?”

ఆ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన డీఈవోలు కూడా.

క్యాబు రెండుసార్లు బుక్ చేశాం, రెండుసార్లూ రద్దయింది. కనకలక్ష్మి భర్త పోచయ్య ఆటో గేటు దగ్గరే ఉంది. నేనూ కనకలక్ష్మీ చెరో పక్కా, మధ్యలో యశూ, ఒళ్ళో వాంతికని స్టీలు గిన్నె. ఆఫీసు బస్సుల మధ్య ఆటో ఇరుక్కుంటే పోచయ్య దిగి బస్సు డ్రైవర్ని బతిమాలి దారి తీయించాడు. యశూ ఒక్కటే అంటోంది, “బేబీ కదులుతోంది కదా అమ్మమ్మా? నువ్వు చెయ్యి పెట్టి చూడు.” పెట్టాను. ఆటో కదులుతోందో బిడ్డ కదులుతోందో తెలియలేదు. కదులుతోందన్నాను.

ఇక్కడ పరుగులు పెట్టారు. ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్లు. బిడ్డ ఊపిరితిత్తులకి ఇంకో ఇంజెక్షన్. చేతికి సూది పెట్టాలంటే గాజులు తియ్యాలి. రావడం లేదు. చెయ్యి ఇంకా ఉబ్బింది. నర్సు సబ్బు రాసి చూసింది. నా వల్ల కాదు, పగలగొట్టాలంది. ఎవరు పగలగొడతారని అందరూ నా మొహం చూశారు. గాజు చిట్లిందనే మాట కూడా ఇంట్లో అననిచ్చేది కాదు మా అమ్మ. నాలుగు రోజుల క్రితం నేనే ఎక్కించాను. పిల్ల చేతి కింద తువ్వాలు పరిచి, పైన గాజుగుడ్డ కప్పి, నర్సు ఇచ్చిన కత్తెర పిడితో ఒక్కొక్కటే నేనే కొట్టాను. చర్మం మీద గాజుల అచ్చులు ఎర్రగా పడ్డాయి. వాటిని లెక్కపెట్టలేదు.

డాక్టరు కృష్ణప్రియ నోటుబుక్కు తిరగేసింది. “మొన్నటిదాకా అన్నీ నూట నలభై లోపే ఉన్నాయి. ఒక్కసారిగా ఇంత ఎలా పెరిగిందండీ?”

నేను తువ్వాలులోంచి గాజు ముక్కలు ఏరుతున్నాను.

జూన్ 20, శుక్రవారం

తెలిసి ఏ తప్పూ చెయ్యలేదు. అది నిజం. నిజమేనా?

పొద్దున్న స్కాన్ చేశారు. డాక్టరు లోహిత్‌నీ నన్నూ కూర్చోబెట్టింది. యశూ బీపీ మందులతో నూట యాభై చుట్టూ తిరుగుతోంది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. రోగం పేరు ప్రీ-ఎక్లాంప్సియా. బిడ్డ వయసుకు తగినంత లేదు, మాయకి రక్తం సరిగ్గా అందడం లేదు.

“ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదండీ. మీ నోటుబుక్కుకీ ఈ స్కాన్‌కీ పొంతన కుదరడం లేదు. ఎప్పటినుంచి ఎక్కువగా ఉందో నాకు తెలియాలి. రేపటిదాకా ఆగగలనా, ఇవాళే తియ్యాలా అన్నది చూసుకోవాలి.”

లోహిత్ నోరు తెరిచాడు. పద్దెనిమిది రోజుల్లో నేను విన్న అతని అతి పెద్ద వాక్యం. “అమ్మమ్మగారి మెషిన్ పాతదండీ, తప్పు చూపించి ఉంటుంది.”

తలుపు తెరిచి పెట్టాడు పిల్లవాడు. తల ఊపితే చాలు, నేను బయటికి నడిచి వెళ్ళిపోవచ్చు. పక్క గదిలోంచి యశూ గొంతు వినిపిస్తోంది, వాళ్ళమ్మతో ఫోనులో, “నా వల్లే అమ్మా, నేనే రిలీజ్ రిలీజ్ అని...”

“మెషిను బాగానే ఉంది,” అన్నాను.

సంచీలోంచి ఈ డైరీ తీసి డాక్టరు చేతిలో పెట్టాను.

యాభై ఏళ్ళుగా రాస్తున్నాను. మా ఆయన కూడా ముట్టుకోలేదు. ఆ అమ్మాయి జూన్ 2 నుంచి మొదలుపెట్టింది. నాలుగో తారీఖు పేజీ దగ్గర ఆగింది. నేను కిటికీ వైపు చూశాను.

“జడ ఇవాళ కూడా కుదరలేదండీ, నిన్నటినుంచి ఇంటికి వెళ్ళలేదు,” అంది తల ఎత్తకుండా. తరవాత కాగితం తీసుకుని అంకెలు ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. పదిహేడో తారీఖు దగ్గర పెన్ను ఆపి, మళ్ళీ రాసింది.

“మీరు ఏ సబ్జెక్టు చెప్పేవారు?”

“జీవశాస్త్రం.”

ఊ అంది. తిట్టి ఉంటే బాగుండేది.

“నాకు ఈ మూడూ పంపి ఉంటే అయిదో తారీఖునే మళ్ళీ పిలిచేదాన్ని. పదకొండున చేర్చుకునేదాన్ని. మీ బీపీ మీ ఒక్కరి సంగతండీ. ఈ అమ్మాయిది ఇద్దరి సంగతి, వారాల్లో కాదు, గంటల్లో మారిపోతుంది. ఇకనుంచి వచ్చినవన్నీ రాయండి. ఏది లెక్కలోకి తీసుకోవాలో నేను చూసుకుంటాను.”

డైరీ వెనక్కి ఇచ్చింది. లోహిత్ నా వైపు చూడలేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళ సీసా తెచ్చి నా పక్కన పెట్టాడు. మూత తీసి పెట్టాడు. మళ్ళీ వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఉమాశ్రీ దిగింది. అంతా విని, గోడకి ఆనుకుని, “నా ప్రోగ్రెస్ కార్డులు కూడా ఇట్లాగే నింపావా అమ్మా?” అంది.

జూన్ 21, శనివారం

పొద్దున్న మళ్ళీ 168/110. ఇంక ఆగలేమన్నారు. పదింటికి ఆపరేషన్.

ఆడపిల్ల. ఒక కిలో మూడు వందల ఎనభై గ్రాములు. ఏడ్చింది. నేను విన్నాను. పిల్లి కూన గొంతు. గాజు పెట్టెలో పెట్టి తీసుకుపోయారు.

జూన్ 23, సోమవారం

కాన్పయితే అంతా అయిపోయినట్టే అనుకున్నాను. అందరం అనుకున్నాం. ఉమాశ్రీ దేవుడికి దండం కూడా పెట్టేసింది.

ఇవాళ యశూ 162/106.

“బిడ్డ బయటికి వచ్చేసింది కదమ్మా, ఇంకా ఏమిటి?” అన్నాను నర్సుతో.

“కాన్పు తరవాత కూడా పెరుగుతుందండీ, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంటికి వెళ్ళాక కూడా కొన్ని వారాలు చూసుకోవాలి.” రోజుకు పదిమందికి చెప్పే మాటలా చెప్పింది. పది మందిలో ఒక్కరికైనా ముందే తెలిసి ఉంటుందా?

డెబ్బై నాలుగేళ్ళు. ఇద్దర్ని కన్నాను. నా కాన్పుల్లో నాకు బీపీ చూశారో లేదో కూడా గుర్తు లేదు.

జూన్ 24, మంగళవారం

కనకలక్ష్మి జావ పట్టుకుని వచ్చింది. వరండాలో నా పక్క కుర్చీలో కూర్చోమన్నాను. నిలబడే ఉంటానంది. రెండోసారి చెప్పాక కూర్చుంది.

గుర్రపువాతం సంగతి నీకెలా తెలుసని అడిగాను.

“మా చెల్లెకు వచ్చె. ఎనిమిదో నెల. తలకాయ నొస్తుందన్నది, కండ్ల ముంగట మిణుకు మిణుకంటున్నయన్నది. గాలి సోకిందని తాయెత్తు కట్టిండ్రు. దవాఖానకు పోయేటాలకు...” చెయ్యి గాలిలో తిప్పింది. “ఇద్దరు పోయిండ్రు. గందుకే మా కోడలును నెలనెల నేనే బస్తీ దవాఖానకు తోల్కపోయిన. ఎంతుందో నర్సమ్మతోని చెప్పించుకుంట. నాకు సదువు రాదు గని గా అంకెలు గుర్తువడ్తయి.”

వాళ్ళు తాయెత్తు కట్టారు. నేను పట్టీ కట్టాను.

డైరీ తెరిచి ఉంది. పేజీ గుర్తు జారి కింద పడితే కనకలక్ష్మి తీసింది. ఆ రంగుల కాగితం. అటూ ఇటూ తిప్పి, బొమ్మల మీద వేలు పెట్టింది. తల పట్టుకున్న ఆడది. మెరుపుల మధ్య కన్ను. ఉబ్బిన చెయ్యి. పక్కటెముకల కింద ఎర్ర మచ్చ.

“గివన్ని మన బిడ్డకు ఉండె గద,” అంది.

ఇరవై రోజులు నా చేతిలో ఉంది. రోజూ తీసి, రోజూ పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి రాశాను.

ఆ రోజు నేనన్న బస్తీ దవాఖాన మాటకి ఏదో అనాలనుకున్నాను. నాకు రాదు. “నీ చేతి జావ బాగుంది, చింతపండు లేదు,” అన్నాను. నవ్వింది. క్షమించిందో లేక నన్ను చూసి జాలిపడిందో.

జూన్ 29, ఆదివారం

బిడ్డ 1,410. ట్యూబులోంచి పాలు. యశూ 148/94, 150/96. రెండూ రాశాను.

జూలై 3, గురువారం

యశూ ఇంటికి వచ్చింది, బిడ్డ రాలేదు. రోజూ మధ్యాహ్నం వెళ్ళి గుండెల మీద పడుకోబెట్టుకుని వస్తోంది. ఉమాశ్రీ విశాఖ వెళ్ళింది. నాతో మాట్లాడుతోంది, కావలసినంత మాత్రం.

జూలై 5, శనివారం

ఇవాళ అడిగేశాను. “నా మీద కోపం లేదా?”

యశూ దుప్పటి అంచు మడిచి విప్పింది. “ఉంది.” మళ్ళీ మడుస్తూ అంది, “నువ్వు మూడోసారి బటన్ నొక్కేటప్పుడు నేను కళ్ళు మూసుకునేదాన్ని అమ్మమ్మా. తక్కువ రావాలి, తక్కువ రావాలి అని. ఎక్కువ వస్తే ఆస్పత్రిలో పడుకోబెడతారు, రిలీజ్ ఎవరో ఎత్తుకుపోతారు. ఒకరోజు ఫోనులో వెతికాను కూడా. ‘గర్భిణులకు బీపీ’ అని. రెండు లైన్లు చదివి మూసేశాను.”

“ఏ రోజు?”

“పదకొండో తారీఖు.”

ఇంట్లో ఇద్దరు చదువుకున్నవాళ్ళం ఉన్నాం.

జూలై 6, ఆదివారం

బిడ్డ 1,560. ట్యూబు తీసేశారట. నర్సు ఫోను చేసి చెప్పింది.

పొద్దున్న యశూకి చూశాను. 138/88. 136/86. రెండూ రాశాను. పట్టీ విప్పబోతుంటే యశూ లేచి, నన్ను కుర్చీలో కూలేసి, నా చేతికి కట్టింది.

“నాకెందుకే? నాది బాగానే ఉంటుంది.”

“కాళ్ళు నేల మీద పెట్టు. మాట్లాడకు.” నా గొంతే. క్లాసులో వాడే గొంతు.

కనకలక్ష్మి చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పట్టీ ఉబ్బింది, మెషిను మూలిగి ఆగింది.

172/98.

నా బొటనవేలు లేచింది. లేచిందని నాకు తెలియకముందే లేచింది. అది కంగారుది, మొదటిది ఎప్పుడూ కంగారుదే, అయిదు నిమిషాలు ఆగి చూస్తే...

“అమ్మమ్మా.”

“ముందు గది రాయుండ్రి,” అంది కనకలక్ష్మి.

యశూ డైరీ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చింది. ఇద్దరూ నిలబడి చూస్తున్నారు. ముప్పై రెండేళ్ళు పిల్లల నెత్తిన నిలబడి రాయించాను. ఇటు పక్క కూర్చుంటే ఇలా ఉంటుందని తెలియదు.

నాది 172/98.

అయిదు నిమిషాల తరవాత 166/96. ఇదీ రాశాను.

రేపు తెనాలి డాక్టరుకి ఫోను చేసి పదిహేనేళ్ళ సంగతి చెప్పాలి. ఆయన మెచ్చుకోడు.